చెరిపేసిన గురువారం

“రాశానత్తయ్యా. నా చేత్తో నేనే రాశాను. రాసింది ఎక్కడికి పోతుంది?”

పొద్దున లేచిన దగ్గర్నుంచి కోడలు ఆ మాట అనడం అయిదోసారి. అయిదుసార్లూ అత్తగారు కొత్తగా విన్నట్టే విని, “సరిగ్గా చూడమ్మా, ఏ మూలనో ఉండే ఉంటుంది” అంది. ఆవిడ లెక్కలో ఆ చేతి కంప్యూటర్ కూడా బీరువాలాంటిదే. ఓపిగ్గా వెతికితే పోయింది దొరకాలి.

కోడలు ఆ కంప్యూటర్ పలకని వెలుతురు వైపు తిప్పి, దాని పుల్లతో తెరమీద మళ్లీ మొదట్నించీ నొక్కుకుంటూ వచ్చింది. ఆరు నెలల కిందట ఆస్పత్రివాళ్లు చేతిలో పెట్టినప్పట్నించీ ఇంట్లో అందరూ దాన్ని పలక అనే అంటారు. వీధిలో ఆమెని నర్సమ్మ అంటారు. ఇంటింటికీ తిరిగి ఇంజక్షన్లు చేసి, కట్లు కట్టే ఉద్యోగం. పద్దెనిమిది ఇళ్ల మందులూ వాటి వేళలూ అన్నీ ఆ పలకలోనే ఉన్నాయి. ఉండవలసిన ఆ ఒక్క ముక్కా లేదు.

మంచం అవతల మనవాడు, అంటే నర్సమ్మ మొగుడు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. పెట్టిన బొత్తాన్నే విప్పి మళ్లీ పెడుతున్నాడు.

“శుక్రవారం నుంచి ఇన్సులిన్ ఇరవై కాదు, పన్నెండు చాలు అని డాక్టరుగారు గురువారం సాయంత్రం కబురు పంపారు. చదివాను. తెర మూస్తే కబురు నిలవదుగా, చదివిన వెంటనే రాసుకున్నాను. నిన్న పొద్దున కండక్టరుగారింట్లో సిరంజి తీస్తూ పలక చూస్తే ఇరవై అనే ఉంది. ఎవరికో తగ్గించమన్నారే, ఈయనక్కాదు కాబోలు అనుకున్నాను. ఇరవై ఇచ్చేశాను.”

ఆ తర్వాతి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రిటైరైన ఆ బస్సు కండక్టరు తొమ్మిదింటికి పేపరు చదువుతూ చెమటలు పోసి కుర్చీలోంచి జారిపోయాడు. నిన్నట్నించీ ఆస్పత్రిలో కళ్లు తెరవలేదు.

“ఆయనకేం కాదమ్మాయ్. ముప్పై ఏళ్లు కదిలే బస్సులో నిలబడ్డ మనిషి. అంత తేలిగ్గా పడిపోడు.”

“పడిపోయాడుగా అత్తయ్యా.”



“గాల్లో వచ్చేదాన్ని నమ్ముకుంటే ఇలాగే ఏడుస్తుంది” అన్నాడు మనవాడు, గోడ వైపు చూస్తూ. “తీగంటూ ఒకటుంటే వచ్చిందో రాలేదో తెలుస్తుంది. మధ్యలో ఎక్కడో ఎగిరిపోయి ఉంటుంది. అదే చెప్పు సోమవారం.”

“ఎగిరిపోలేదండీ. వచ్చింది. నేను చదివానంటుంటే!”

“ఎక్కడ కూర్చుని చదివావ్?”

నర్సమ్మ పుల్ల పట్టుకున్న చెయ్యి ఆపింది. “మీకు తెలీదా?”

“తెలుసులే. ఎవరి ఎదురుగా కూర్చుని చదివావని అడుగుతున్నా.”

“ఒరేయ్!” అంది తల్లి. “అక్కడ ఒక ముసలాయన ప్రాణం మీదికొచ్చింది. సోమవారం పదింటికి విచారణ. దీని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇప్పుడా నీకు ఎదురుగా, పక్కనా?”

“నేనేమన్నానమ్మా? అడిగాను, అంతే.”

ఈ మధ్య నర్సమ్మ జవాబివ్వని ప్రశ్నలు ఆ ఇంట్లో ఎక్కువైపోయాయి. పలకని సంచీలో పెట్టుకుని, మిగిలిన పదిహేడిళ్లకీ బయల్దేరింది. గుమ్మం దాటేముందు అత్తగారితో మాత్రం, “నాకు మతిపోతోందేమో అత్తయ్యా. రాయకుండానే రాశాననుకున్నానేమో” అంది.

ఆ మాట మనవాడి చెవిన పడింది. నోరు తెరిస్తే ఆమె మనసు అక్కడికక్కడే తేలికపడేది. తెరవలేదు. తేలు కుట్టిన దొంగలా గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు.

ఎందుకంటే ఆ ముక్క చెరిపింది అతనే.

శుక్రవారం పొద్దున ఆమె స్నానానికి వెళ్లింది. పలక రోజూలాగే కంప్యూటర్ పక్కన దాని స్టాండులో ఉంది. అత్తగారు దాన్ని ఉయ్యాల అంటుంది. “మనింట్లో ఎట్టకేలకి ఉయ్యాలొచ్చింది, పడుకోబెట్టడానికి మాత్రం ఇది దొరికింది” అని ఆవిడ ఒకసారి నవ్వుతూ అన్నప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ నవ్వలేదు. ఆ స్టాండు బొత్తాం నొక్కితే పలకలో ఉన్నది కంప్యూటర్‌లోకీ, కంప్యూటర్‌లో ఉన్నది పలకలోకీ వెళ్లి రెండూ ఒకటైపోతాయి. ఒకచోట తీసేస్తే రెండోచోటా పోతుంది.

మనవాడు కంప్యూటర్ తెరిచాడు. గురువారం పేజీ వచ్చింది. నాలుగు గంటల ఎదురుగా “కాఫీ, తీగలాయన” అని ఉంది.

అంతే. రెండు మాటలు. ఇంజక్షన్ల మధ్య, కట్ల మధ్య, బీపీ అంకెల మధ్య ఆ రెండు మాటలూ హాయిగా కూర్చుని ఉన్నాయి. తన ఇంట్లో, తన సొంత కంప్యూటర్‌లో. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వరసని పట్టుకుని చెరిపేశాడు. బొత్తాం నొక్కాడు.

అయిపోయిన గురువారం అది. వాళ్లు కాఫీ తాగడమూ అయింది, మాట్లాడుకోవడమూ అయింది. జరిగినదాన్ని చెరిపితే జరగకుండా పోతుందా అని చిన్నపిల్లవాడైనా అడుగుతాడు. అసూయ అడగదు.

నర్సమ్మకి ఒక అలవాటుంది. ఏ పనిలో ఉండగా కబురొస్తే ఆ పని కిందే కబురు రాసుకుంటుంది. ఆ సాయంత్రం కాఫీ కొట్లో ఉండగా డాక్టరు కబురొచ్చింది కాబట్టి ఆ వరస కిందే రాసుకుంది, రాత్రి తీరిగ్గా కండక్టరు పేజీలోకి ఎక్కిద్దామనుకుని మర్చిపోయింది. వరస చివర, కింద ఇంకా రాత ఉందని చెప్పే చిన్న కాగితం గుర్తు ఉంది. ఊళ్లో సగంమందికి కంప్యూటర్ నేర్పానని చెప్పుకునే మనవాడు ఆ గుర్తుని చూడనే లేదు. అతను చూసింది ఆ రెండు మాటలే.

మనవాడికి ఎనిమిది గదుల ఇంటర్నెట్ సెంటరుంది. మొన్నమొన్నటిదాకా బయట బెంచీ మీద జనం వంతు కోసం కూర్చునేవాళ్లు. పక్కవాడి తెర కనపడకుండా తనే ప్లైవుడ్ కోయించి గదులు కట్టించాడు. ఎనిమిది గదులకీ తనే తీగలు లాగాడు. ఏ తీగ ఎక్కడ వంగిందో చీకట్లోనైనా చెప్పగలడు.

సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల కాఫీ కొట్టు. ఎనిమిది నెలల కిందట దాని కప్పుకి రెండు కొమ్ముల తెల్లడబ్బా ఒకటి బిగించారు. అద్దం మీద పెద్దక్షరాలతో రాశారు: “కాఫీ తాగండి. ఇంటర్నెట్ ఉచితం. తీగ అక్కర్లేదు.” మొదట్లో మనవాడు పగలబడి నవ్వాడు. గాల్లో ఇంటర్నెట్ ఏమిటి, గాలి మేడలూ మీరూనూ అన్నాడు. నెల తిరిగేసరికి బెంచీ ఖాళీ అయింది.

పోనీ, వ్యాపారం పోతే పోయింది. పెళ్లాం కూడా పోయి ఆ అద్దం వెనకే కూర్చుంటే?

“మన సెంటర్లో కూర్చుని చూసుకోవచ్చుగా?” అని మొదట్లోనే అడిగాడు.

“పలకకి తీగ పెట్టే చోటేదండీ?” అంది నర్సమ్మ.

అది నిజం. నిజం కాబట్టే మరీ మండింది.

ప్రతి గురువారం నాలుగింటికి ఆస్పత్రినుంచి ఆ వారం మార్పులొస్తాయి. ప్రతి గురువారం నాలుగింటికే ఆ డబ్బా బాగోగులు చూసే మనిషి కూడా నిచ్చెన భుజాన వేసుకుని వస్తాడు. తీగలు లేకుండా చేసే మనిషికి వీధివాళ్లు తీగలాయన అని పేరు పెట్టారు. నలభై దాటిన మనిషి. ముందు జుట్టు పలచబడింది. కొంచెం నత్తి. పోనీ అందగాడైనా బాగుండును, ఆ వంకనైనా తిట్టుకోవచ్చునని మనవాడి బాధ. ఇందులో నవ్వడానికేముందో తెలియదు, నర్సమ్మ నవ్వుతుంది. మొన్న గురువారం మూడుసార్లు నవ్వింది. రోడ్డుకి ఇవతల కూర్చుని మనవాడు లెక్కపెట్టాడు.

ఇప్పుడేమో ఆ తీగలాయన ఉద్యోగానికే ఎసరొచ్చింది. డాక్టరు పంపిన కబురు అందలేదని తేలితే, ఆస్పత్రిలో ఇలాంటి డబ్బాలు చూసేదీ అతనే కాబట్టి వాళ్లు అతనితో తెగతెంపులు చేసుకుంటారు, కాఫీ కొట్టువాడూ డబ్బా పీకేస్తాడు. అందిందని తేలితే నర్సమ్మ ఉద్యోగం పోతుంది. మూడోదారి ఒకటుంది. అది మనవాడి నోట్లో ఉంది.

నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, పీడ విరగడవుతుందని నిన్నంతా అనుకున్నాడు. అనుకుని కాసేపు సంతోషించాడు కూడా. ఎక్కడో ఒక ముసలాయన కళ్లు మూసుకుని పడుకుని ఉంటే, ఇక్కడ తను సంతోషించాడు. ఆ సంగతి గుర్తొస్తే అతనికే తనమీద అసహ్యం వేసింది.

పన్నెండు దాటాక తీగలాయన రోడ్డు దాటి వచ్చాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి. నిచ్చెన లేకుండా వచ్చాడు.

“కూ... కూర్చోవచ్చాండీ?”

“బెంచీ ఖాళీగానే ఉందిగా. మీ దయవల్లే.”

తీగలాయన ఆ మాట పట్టించుకోలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్లమీద పెట్టాడు. “మా డబ్బాలో ఏది ఎప్పుడొచ్చిందో రాసి ఉంటుందండీ. గురువారం నాలుగూ పన్నెండుకి డాక్టరుగారి కబురు అందింది. ఆవిడ తెరిచి చదివారు కూడా.”

“అయితే ఇంకేం? తీసుకెళ్లి ఇచ్చెయ్యండి. మీరు బయటపడతారు.”

“ఇస్తే ఆవిడ మునిగిపోతారు కదండీ.”

మనవాడి చెవులు వేడెక్కాయి. “ఆవిడ మీద మీకంత ఇదెందుకు?”

తీగలాయన అతన్ని తేరిపార చూశాడు. “నిన్న సాయంత్రం పలక చూడమని ఆవిడే ఇచ్చారండీ. రాసింది ఎలా పోయిందో చెప్పమన్నారు. స్టాండులో పెట్టిన ప్రతిసారీ ఏం జరిగిందో పలకలో ఒక మూల రాసి ఉంటుంది. ఎవరూ చూడరు. నేను చూశాను. శుక్రవారం ఉదయం ఏడూ ఇరవైకి ఒక వరస పోయింది. పలక మీద చెరిపింది కాదు. కం... కంప్యూటర్ వైపునుంచి చెరిపింది.”

సెంటర్లో ఉన్న ఒకే ఒక్క కుర్రాడు చెవులకి ఏదో తగిలించుకుని పాట వింటున్నాడు. ఫ్యాను తిరుగుతోంది.

“ఆమెకి చెప్పారా?” అన్నాడు మనవాడు.

“లేదండీ. ఏమీ తెలియడంలేదని చెప్పాను.”

“ఎందుకు?”

“మీరు చెబుతారని.”

తిట్టినా బాగుండేది. బెదిరించినా బాగుండేది. చొక్కా పట్టుకోవడానికి ఏదో ఒక వంక దొరికేది. ఎదురుగా కూర్చున్న మనిషి తన పరువు తన చేతికే అప్పగించి పోతుంటే ఏం చెయ్యాలో మనవాడికి తెలియలేదు. ఆ పాడు అసూయ అప్పుడైనా ఊరుకుందా అంటే, ఊరుకోలేదు.

“మొన్న గురువారం ఆమె నవ్వింది. మూడుసార్లు. ఏం చెప్పారు మీరు?”

తీగలాయన లేవబోతూ ఆగాడు. నిజంగానే ఆలోచించాడు. “గుర్తులేదండీ” అన్నాడు.

అబద్ధం కాదు, నిజంగా గుర్తులేదు. మనవాడు రెండు రాత్రులు నిద్రపోకుండా తిరగేసి మరగేసి చూసుకున్న ఆ మూడు నవ్వులూ ఆ మనిషికి గుర్తే లేవు. తీగలాయన కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

మూడింటికి మనవాడు షట్టరు దించి ఇంటికొచ్చాడు. ఆ వేళకి ఎప్పుడూ ఇంట్లో ఉండడు కాబట్టి తల్లి, “ఒంట్లో బాగాలేదా?” అంది.

“బాగానే ఉందమ్మా.”

నర్సమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒక తెల్లకాగితం, దానిమీద గుండ్రటి అక్షరాలతో నిండుగా రాత. ముఖం పొద్దుటికంటే తేటగా ఉంది.

“కండక్టరుగారు కళ్లు తెరిచారండీ” అంది. “వెళ్లి చూసొచ్చాను. నన్ను గుర్తుపట్టారు. ఏమ్మా, టిక్కెట్టు తీసుకున్నావా అన్నారు.” నవ్వబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మనవాడికి గుండెలమీంచి రాయి దింపినట్టయింది. కుర్చీలో కూలబడ్డాడు.

“మరి ఆ కాగితమేమిటి?”

“సోమవారం ఇవ్వడానికి. నా అజాగ్రత్తవల్లే జరిగిందని రాశాను. కబురు అందిందనడానికి ఆయన దగ్గర ఏదో రుజువుందట, ఇవ్వనంటున్నాడు. నా తప్పుకి ఇంకొకరి పని పోవడమెందుకు? సంతకం ఒక్కటే పెట్టాలి.”

ఆయన. ఆ ఒక్క మాటా మళ్లీ ముల్లులా గుచ్చుకుంది. అయినా మనవాడు దాన్ని దిగమింగాడు. ఆ క్షణాన అతను మంచివాడే. అది కూడా చెప్పుకోవాలి.

“నీ తప్పు కాదు. నేనే చెరిపాను.”

ఆమెకి ముందు అర్థం కాలేదు. “ఏం చెరిపారు?”

“గురువారం నాలుగు గంటల వరస. కాఫీ అని ఉంది, ఆయన పేరుంది. దానికింద నువ్వింకేదో రాసుకున్నావని నాకు తెలీదు. ఒట్టు. అది కళ్లెదురుగా కనపడుతుంటే చూడలేకపోయాను. చెరిపేశాను.”

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“అయిపోయిన గురువారమండీ అది” అంది నర్సమ్మ నెమ్మదిగా.

“తెలుసు.”

“నిన్నట్నించీ నాకు మతిపోయిందనుకున్నాను. ఇవాళ పదిహేడిళ్లలో పదిహేడుసార్లూ నా చెయ్యి వణికింది. సూది పట్టుకుని, ఇది నిజంగా చూశానా, చూశాననుకుంటున్నానా అని... మీరు పక్కనే ఉండి విన్నారు.”

“విన్నాను.”

“నన్నడిగితే చెప్పేదాన్ని కదా. ఆయనతో మాట్లాడితే నాకు బాగుంటుంది. ఇంటికొస్తే మీరు తెరవంక చూస్తూ ఊఁ అంటారు. అక్కడ ఆ మనిషి నా వంక చూసి వింటాడు. అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఉంటే అదీ చెప్పేదాన్ని.”

బాగుంటుంది అన్న మాట దగ్గరే మనవాడు ఆగిపోయాడు. మిగిలింది సరిగ్గా వినలేదు.

నర్సమ్మకి కోపం ఉంది. ఎంత కోపముందో ఆమెకే తెలుసు. కానీ తనకి మతిపోలేదని తెలిసిన ఊరట కూడా ఉంది. ఆ ఊరటలోంచే చివరికి ఒక మాట వచ్చింది.

“సోమవారం పదింటికి నాతో రండి. ఇప్పుడు నాతో చెప్పారే, ఈ ముక్కే అక్కడ చెప్పండి. డాక్టరుగారికీ, కండక్టరుగారి భార్యకీ. నేనీ కాగితం చించేస్తాను. మిగతాది మనమిద్దరం తర్వాత చూసుకుందాం.”

ఇంతకంటే సులువుగా ఏ ఇల్లాలూ మొగుణ్ణి వదలదు. వంటగది గుమ్మంలోకి వచ్చిన తల్లి, “సరేననరా” అన్నట్టు చూసింది. మనవాడు కూడా అందామనే అనుకున్నాడు. తల ఊపాడు కూడా. అంతలోనే నోరు తన పని తను చేసుకుపోయింది.

“ఆయన కూడా ఉంటాడా అక్కడ?”

తల్లి కళ్లు మూసుకుంది.

నర్సమ్మ అతన్ని చూసింది. కోపంగా కాదు. ఇరవై రోజులనుంచి మానని పుండుని చూసినట్టు చూసింది. తర్వాత కలం మూత తీసి, కాగితం చివర ఒత్తిపట్టి సంతకం పెట్టింది.

“మీరు రానక్కర్లేదు” అంది.